గుండు నిదానిస్తే గురి నిలుస్తుందా?

ఒకే రైఫిల్లో రెండు రకాల .22 తూటాలు పేల్చామనుకుందాం. రెండింటిలోనూ గుండు బరువు 2.6 గ్రాములే. ఒకటి సెకనుకు 326 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది, ఇంకొకటి 382 మీటర్ల వేగంతో. లక్ష్యం 100 గజాల దూరంలో ఉంది, అంటే 91 మీటర్లు. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పక్కగాలి వీస్తోంది. ఈ గాలికి ఏ గుండు ఎక్కువగా పక్కకు జరుగుతుంది?

నిదానంగా వెళ్లేదే ఎక్కువసేపు గాలిలో ఉంటుంది కదా, అదే ఎక్కువ జరుగుతుందని తోస్తుంది. జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. నిదానపు గుండు సుమారు 10 సెంటీమీటర్లు జరిగితే, వేగపు గుండు 14 సెంటీమీటర్ల దాకా జరుగుతుంది. తూటాలో మందు పెంచి, గుండును తొందరపెట్టి, చివరికి గాలికి మరింత లొంగిపోయే గుండును తయారు చేసుకున్నామన్నమాట. బలం తగ్గించిన తూటాలతో గురి మెరుగవుతుందని షూటర్లు చెప్పే మాట వెనక ఉన్న భౌతికశాస్త్రం అంతా ఒకే రకం కాదు. కొంత పూర్తిగా నిజం, కొంత సగం నిజం. ఒకచోట మాత్రం అది ప్రమాదం. ఈ మూడింటినీ విడదీసి చూడడమే ఈ అధ్యాయంలో మన పని.

గాలి సంగతితోనే మొదలుపెడదాం. గాలి గుండును పక్కనుంచి పట్టుకుని నెట్టదు. గిరగిరా తిరుగుతూ వెళ్లే గుండు తనకు ఎదురయ్యే గాలి వైపే ముక్కు తిప్పుకుంటుంది. పక్కగాలి ఉన్నప్పుడు ఆ ఎదురుగాలి సూటిగా రాక కాస్త ఓరగా వస్తుంది. దాంతో గుండును వెనక్కి లాగే గాలి నిరోధం కూడా ఓరగానే లాగుతుంది. ఆ లాగుడులోని చిన్న అడ్డభాగమే గుండును దారి తప్పిస్తుంది. నిరోధమే లేకపోతే పక్కకు జరగడమూ ఉండదు. అందువల్ల లెక్క చాలా సులభం: గాలి వేగాన్ని, గుండు పోగొట్టుకున్న కాలంతో గుణిస్తే చాలు. శూన్యంలో పట్టే కాలానికి, గాలిలో నిజంగా పట్టిన కాలానికి మధ్య ఉన్న తేడాయే ఆ పోగొట్టుకున్న కాలం. 19వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త ఇసిడోర్ డిడియోన్ పేరుమీద ఈ సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది.

మన రెండు గుండ్లకు దీన్ని వర్తింపజేద్దాం. నిదానపు గుండుకు శూన్యంలో 0.280 సెకన్లు పడతాయి, గాలిలో సుమారు 0.302 సెకన్లు. అది పోగొట్టుకున్నది 0.022 సెకన్లు. వేగపు గుండుకు శూన్యంలో 0.239, గాలిలో సుమారు 0.270. అంటే 0.031 సెకన్లు పోయాయి. లక్ష్యాన్ని ముందుగా చేరింది వేగపు గుండే, కాని దారిలో ఎక్కువ కోల్పోయిందీ అదే. ఎందుకు కోల్పోయింది? జవాబు ధ్వని వేగం దగ్గర ఉంది. 20 డిగ్రీల వేడిలో గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. ఆ వేగాన్ని ఒక గీత అనుకుంటే, నిదానపు గుండు దానికి ఇవతలే బయలుదేరి ఇవతలే ఉండిపోతుంది. వేగపు గుండు అవతల బయలుదేరి, లక్ష్యం చేరకముందే గీత దాటి ఇవతలికి పడిపోతుంది.

ఈ గీత దగ్గర ఏదో ఉందని మొదట పసిగట్టినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త. 1742లో వచ్చిన ఆయన పుస్తకం తుపాకి విద్యను అంచనాల నుంచి కొలతల్లోకి తెచ్చింది. బరువైన చెక్క దిమ్మెను లోలకంలా వేలాడదీసి, దాన్ని గుండుతో కొట్టి, దిమ్మె ఎంత దూరం ఊగిందో చూసి గుండు వేగం లెక్కగట్టాడు. దిమ్మెను దగ్గరగా, దూరంగా పెట్టి కొలిస్తే దారిలో గుండు ఎంత వేగం కోల్పోయిందో తెలిసిపోతుంది. గుండు వేగం ధ్వని వేగానికి దగ్గరయ్యేసరికి గాలి నిరోధం అసాధారణంగా పెరిగిపోతోందని ఆయన గమనించాడు. అప్పటికి గాలి నిరోధం గురించి ఉన్న లెక్కలు దీన్ని ఊహించలేదు. ఆయన పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించి, వ్యాఖ్యానం రాసినవాడు సాక్షాత్తూ లియొన్‌హార్డ్ ఆయిలర్. రాబిన్స్ ఆఖరి రోజులు మన పొరుగునే గడిచాయి. ఈస్టిండియా కంపెనీ కోటలను పటిష్ఠం చేసే ఇంజనీరుగా కోరమాండల్ తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. బాలిస్టిక్స్ అనే శాస్త్రానికి పునాది వేసిన మనిషి దక్షిణ భారత తీరాన కన్నుమూశాడని మన పాఠ్యపుస్తకాలు ఎక్కడా చెప్పవు. చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రాబిన్స్ కొలిచినదాన్ని కంటితో చూపించినవాళ్లు ఎర్నెస్ట్ మాక్, పీటర్ సాల్చర్. మాక్ ప్రాగ్‌లో ఆచార్యుడు. సాల్చర్ అడ్రియాటిక్ సముద్రతీరంలోని ఫియూమె నౌకాదళ విద్యాలయంలో పనిచేసేవాడు. 1886లో సాల్చర్, మాక్ చెప్పిన పద్ధతిలో, ఎగురుతున్న గుండు ఫోటోలు తీశాడు. ధ్వనికంటె నిదానంగా పోయే గుండు ముందు గాలి ప్రశాంతంగా కనిపించింది. ధ్వనిని మించిన గుండు ముక్కు దగ్గర మాత్రం గాలి నొక్కుకుపోయి, వెనక్కి వాలిన శంకువులాంటి తరంగంగా ఏర్పడి కనిపించింది. ఆ తరంగాన్ని పుట్టించడానికి గుండు తన శక్తిలోంచే ఖర్చుపెట్టాలి. ధ్వని వేగానికి కాస్త కింద నుంచి కాస్త పై దాకా ఉన్న ఈ మధ్యస్థ వేగాల్లో నిరోధ గుణకం రెండు మూడు రెట్లు అవుతుంది. పైగా గాలి ఒత్తిడి గుండుమీద ఏ బిందువు దగ్గర కేంద్రీకృతమవుతుందో ఆ బిందువు కూడా కదులుతుంది. గుండు తూలడానికి అది చాలు.

ధ్వని వేగం అన్నిచోట్లా 343 కాదు. అది గాలి వేడిమీద ఆధారపడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 331 మీటర్లు, 40 డిగ్రీల ఎండలో దాదాపు 355 మీటర్లు. సెకనుకు 326 మీటర్ల తూటా చలిదేశపు శీతకాలంలో గీతకు ఆనుకుని నడుస్తుంది, హైదరాబాదు మే నెలలో గీతకు చాలా ఇవతల నడుస్తుంది. వేడికి తూటాలోని మందు మరి కాస్త చురుగ్గా మండి గుండు వేగం కూడా కొంచెం పెరుగుతుంది కాబట్టి ఈ లాభం పూర్తిగా దక్కదు. పోటీ స్థాయి .22 తూటాల తయారీదారులు 320 నుంచి 330 మధ్య వేగాలను ఎంచుకోవడానికి కారణం మాత్రం ఈ గీతకు ఇవతల ఉండడమే. మందు తక్కువ దొరికి కాదు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలు ఈ నిదానపు తూటాతోనే జరుగుతాయి. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలేకు కాంస్యం తెచ్చినది ఈ పోటీయే. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు.

ఇక తూటాను చేత్తో నింపేవాళ్ల దగ్గరికి వద్దాం. .22 తూటాలో నిప్పు పుట్టించే రసాయనం ఇత్తడి గొట్టం అంచులోనే ఇమిడి ఉంటుంది. పేలాక దాన్ని మళ్లీ నింపి వాడడం సాధారణంగా కుదరదు. పెద్ద తూటాల్లో ఆ రసాయనం ఉండే ప్రైమర్ అడుగున మధ్యలో వేరుగా ఉంటుంది. పాత ప్రైమర్‌ను తీసేసి, ఉబ్బిన ఇత్తడి గొట్టాన్ని అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, గుండు కూర్చోబెడితే తూటా మళ్లీ తయారు. అమెరికాలో ఇది వంద ఏళ్లకు పైబడ్డ హాబీ. అక్కడ బలం తగ్గించిన తూటాలకు పెద్ద సంప్రదాయమే ఉంది, దాని మూలం సీసంలో ఉంది.

సీసం మెత్తటి లోహం, 327 డిగ్రీలకే కరుగుతుంది. తగరం, ఆంటిమొనీ కలిపి ఇంట్లోనే కరిగించి, అచ్చులో పోసి గుండ్లు చేసుకోవచ్చు. అయితే ఆధునిక రైఫిల్లో పుట్టే ఒత్తిడిని ఆ మెత్తదనం తట్టుకోలేదు. .30-06 లాంటి తూటాలో పీడనం 4,000 బార్ల దాకా పోతుంది. .22లో అది 1,650 బార్ల దగ్గర ఆగుతుంది. ఒత్తిడి హద్దు మీరితే సీసపు గుండు మడమ, అంటే వెనక భాగం, నలుగుతుంది, పక్కలనుంచి వేడి వాయువులు దూసుకుపోతాయి, బారెల్ లోపలి గాడులకు సీసం అతుక్కుంటుంది. గురి అక్కడితో పోతుంది. సీసపు గుండుకు వేగం తగ్గించడమంటే దానికి తగిన వేగం ఇవ్వడమే.

ఆ వేగంలో సీసం ఏం చేయగలదో చూపించిన రికార్డు ఒకటి ఉంది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో స్థిరపడ్డ జర్మన్ కుటుంబాలు షూట్సెన్ అనే పోటీలు జరుపుకునేవి. 200 గజాల దూరం, సీసపు గుండ్లు, ఎక్కువగా .32-40 తూటా. ఆ కాలంలో హ్యారీ పోప్ చేసిన బారెళ్లకు ఎక్కడలేని గిరాకీ ఉండేది. 1901లో కొలరాడోలో చార్లెస్ రోలండ్ అనే షూటర్, పోప్ బారెల్ బిగించిన రైఫిల్‌ను ఆనించి, 200 గజాల దూరంలో పది గుండ్లు పేల్చాడు. పదింటి మధ్య ఎడం ముప్పావు అంగుళం లోపే, అంటే 19 మిల్లీమీటర్లకన్నా తక్కువ. కంప్యూటర్లు వచ్చాక కూడా చాలా మంచి రైఫిళ్లు ఈ లెక్కకు చేరలేవు. ఆ గుండు వేగం ఆధునిక సైనిక రైఫిల్ గుండు వేగంలో దాదాపు సగం.

అదే కాలంలో మసాచుసెట్స్‌లో ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు గుండు ఎందుకు దారి తప్పుతుందో తెలుసుకోవడానికి జీవితంలో పెద్ద భాగం ధారపోశాడు. బారెల్ కదలకుండా కాంక్రీటు దిమ్మెమీద బిగించాడు. గాలి తగలకుండా గుండు దారి పొడుగునా గుడ్డతో సొరంగం కట్టాడు. దారిలో పలచని కాగితపు తెరలు వరుసగా పెట్టి, గుండు ప్రతి అడుగులో ఎటు వాలిందో చదివాడు. 1909లో అచ్చయిన ఆయన గ్రంథంలోని ముఖ్యమైన ఫలితం ఇది: గుండు ముక్కు చెడగొట్టినా అది బాగానే వెళ్తుంది, మడమ వాలుగా ఉంటే మాత్రం చెదిరిపోతుంది. గుండు బారెల్ విడిచే క్షణంలో వెనక నుంచి వాయువులు తన్నేది మడమనే. మడమ ఒకవైపు ముందుగా బయటపడితే తన్ను ఓరగా తగులుతుంది. బారెల్ నోటి దగ్గర వాయువు పీడనం తక్కువైతే ఆ తన్నూ తేలికపడుతుంది. బలం తగ్గించిన తూటాకు ఇది నికరమైన లాభం.

మాన్ పరిశోధన మరో సంగతి కూడా తేల్చింది, ఇది వేగం తగ్గిస్తే తీరేది కాదు. గుండు బరువు కేంద్రం సరిగ్గా నడిమధ్యలో లేకపోతే ఏమవుతుంది? .22 రైఫిల్లో గాడులు 406 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతాయి. సెకనుకు 326 మీటర్ల గుండు సెకనుకు 800 చుట్లు తిరుగుతుంది. బరువు కేంద్రం ఒక మిల్లీమీటరులో వందో వంతు పక్కకు ఉందనుకోండి. బారెల్ లోపల అది చిన్న వలయంగా తిరుగుతుంది, బయటపడగానే ఆ వలయాన్ని విడిచి స్పర్శరేఖ వెంట పోతుంది. లెక్క కడితే 50 మీటర్ల దగ్గర దాదాపు 8 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. పది వలయం సగం వెడల్పు 5.2 మిల్లీమీటర్లే. వేగాన్ని సగం చేయండి, భ్రమణమూ సగమవుతుంది, ప్రయాణకాలం రెండింతలవుతుంది, తేడా మాత్రం అదే 8 మిల్లీమీటర్లు. గుండును సమానంగా పోతపోయడమే దీనికి అసలైన పరిష్కారం.

భ్రమణం తగ్గితే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. గుండును నిటారుగా నిలబెట్టేది ఆ తిరుగుడే. పొడవైన గుండుకు ఎక్కువ తిరుగుడు కావాలి. ఎంత కావాలో 1879లో ఆల్ఫ్రెడ్ గ్రీన్‌హిల్ సూత్రం ఇచ్చాడు. పొడవైన బరువైన గుండును మరీ నిదానంగా పంపితే కొన్ని రైఫిళ్లలో అది గాలిలో పల్టీకొట్టి కాగితంమీద గుండ్రని రంధ్రం బదులు పొడవాటి చీలిక చేస్తుంది. తగ్గించిన తూటాల్లో పొట్టి, తేలిక గుండ్లకు పేరు రావడం ఇందువల్లే.

తగ్గించిన తూటాను సమర్థించేవాళ్లందరూ మొదట చెప్పే కారణం రికాయిల్, అంటే తుపాకి వెనక్కి తన్నే తన్ను. దీన్ని కాస్త నిలిచి పరిశీలించాలి, ఎందుకంటే ఇక్కడ భౌతికశాస్త్రం మనం అనుకున్నట్టు లేదు. 4 కిలోల .30-06 రైఫిల్ 9.7 గ్రాముల గుండును సెకనుకు 850 మీటర్ల వేగంతో పంపితే, వాయువుల ద్రవ్యవేగం కూడా కలుపుకుని, రైఫిల్ సెకనుకు 3 మీటర్లకు పైగా వేగంతో భుజాన్ని తాకుతుంది. ఆ గతిజశక్తి 19 జౌళ్ల దాకా ఉంటుంది. 5 కిలోల పోటీ .22 రైఫిల్లో అది ఒక జౌలులో పదో వంతు కూడా ఉండదు. తేడా దాదాపు రెండు వందల రెట్లు.

కాని గుండు బారెల్ విడిచేలోగా రైఫిల్ ఎంత కదులుతుందన్నదే గురికి సంబంధించిన ప్రశ్న. గుండు, రైఫిల్ కలిసి ఒక వ్యవస్థ. గుండు ముందుకు 60 సెంటీమీటర్లు ప్రయాణిస్తే, రైఫిల్ రెండింటి బరువుల నిష్పత్తిలో వెనక్కి జరుగుతుంది. .30-06లో ఆ జరుగుడు 1.7 మిల్లీమీటర్లు, .22లో మిల్లీమీటరులో మూడో వంతు. ఈ లెక్కలో వేగం ఎక్కడా లేదు. గుండు మెల్లగా వెళ్లినా, జోరుగా వెళ్లినా అది బయటపడే సరికి రైఫిల్ కదిలిన దూరం ఒకటే. మందు బరువు తగ్గినందువల్ల వచ్చే స్వల్ప తేడా తప్ప, వేగం తగ్గించినందువల్ల తుపాకి గురిలోంచి తక్కువ కదులుతుందన్నది నిజం కాదు. నిదానపు గుండు బారెల్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి చేతి వణుకుకు, ఊపిరి కదలికకు మరి కాస్త సమయం దొరుకుతుంది కూడా. పోటీ .22 గుండుకు ఈ కాలం మూడు మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. షూటింగ్ కోచ్‌లు ట్రిగ్గర్ నొక్కాక కూడా కదలకుండా నిలిచి ఉండాలని అంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

అయినా తగ్గించిన తూటాతో మనుషులు బాగా కొడతారు, అది అనుభవంలో రుజువైన సంగతే. దానికి కారణం రైఫిల్లో కన్నా కాల్చే మనిషిలో ఉంది. పదేపదే తన్ను తిన్న శరీరం ఆ తన్నును గుర్తుంచుకుంటుంది. ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుండగానే భుజం ముందుకు తోసుకుంటుంది, కన్ను మూసుకుంటుంది, మణికట్టు బిగుస్తుంది. ఇదంతా గుండు కదలకముందే జరిగిపోతుంది. తేలిక తూటా ఈ భయాన్ని పుట్టనివ్వదు, పుట్టినదాన్ని మాన్పిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీనికన్నా మంచి గురువు లేదని నా దృఢమైన నమ్మకం.

వెంటవెంటనే కాల్చాల్సిన పోటీల్లో ఈ లాభం ఇంకా పెరుగుతుంది. ఒలింపిక్ రాపిడ్ ఫైర్ పిస్టల్‌లో అయిదు లక్ష్యాలకు అయిదు గుండ్లు, ఆఖరి వరుసలో నాలుగే సెకన్ల వ్యవధి. ఒక్కో తన్ను తర్వాత పిస్టల్ మళ్లీ గురికి రావాలి. 2004 దాకా ఈ పోటీలో .22 షార్ట్ అనే మరీ బలహీనమైన తూటా వాడేవారు. 1857 నాటి ఆ తూటా, పుట్టిన దాదాపు నూటయాభై ఏళ్లకు కూడా, బలహీనత వల్లే ప్రపంచ స్థాయి ఆటలో నిలిచింది. 2005లో నిబంధనలు మార్చి అందరినీ మామూలు .22కు రప్పించారు. 25 మీటర్ల పోటీల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పట్టే పిస్టల్ కూడా ఈ మామూలు .22దే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమె వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే.

పెద్ద పిస్టళ్లలో నిదానపు గుండుకు ఆదర్శమైన ఉదాహరణ .38 స్పెషల్ వాడ్‌కటర్. స్తంభంలా చదునైన ముక్కుతో ఉండే 9.6 గ్రాముల సీసపు గుండు, సెకనుకు 215 మీటర్ల దగ్గరి వేగం. ఆ చదును ముక్కు కాగితాన్ని చింపకుండా గుండ్రంగా కత్తిరిస్తుంది, పాయింట్ల దగ్గర వాదనలు రావు. ఇందులో ఇంకా తెలివైన పని ఒకటి ఉంది, అది అర్థం కావాలంటే మందు ఎలా మండుతుందో చూడాలి.

1884లో ఫ్రాన్స్‌లో పోల్ వియే పొగలేని తుపాకి మందు తయారు చేశాడు. పాత నల్ల తుపాకి మందుకు, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. పొగలేని మందు మండే వేగం చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి గట్టిగా మారుతుంది. పీడనం పెరిగితే మంట వేగం పెరుగుతుంది, మంట వేగం పెరిగితే పీడనం ఇంకా పెరుగుతుంది. మందు పూర్తిపాళ్లలో ఉన్నప్పుడు ఈ చక్రం ప్రతిసారీ ఒకే తీరున తిరుగుతుంది. మందు మరీ తగ్గిస్తే పీడనం ఆ స్థాయికి చేరదు. కొన్ని గింజలు సగం కాలి బారెల్లోంచి బయటపడతాయి. ఒక తూటాకు, ఇంకో తూటాకు పొంతన ఉండదు.

.38 స్పెషల్‌ను మొదట నల్ల తుపాకి మందు కోసమే చేశారు, ఆ మందు పట్టేంత పెద్ద గొట్టంతో. పొగలేని మందు అందులో పోస్తే పెద్ద గాదెలో పిడికెడు గింజలు పోసినట్టే ఉంటుంది. తుపాకి కిందికి వంచి ఎత్తితే మందు ముందుకు పేరుకుంటుంది, పైకెత్తి దించితే వెనక్కి, ప్రైమర్ దగ్గరికి పేరుకుంటుంది. రెండు సందర్భాల్లో ఒకే తూటా రెండు వేగాలిస్తుంది. వాడ్‌కటర్ గుండును గొట్టం అంచు దాకా లోపలికి దించేస్తారు. దాంతో ఖాళీ చాలా వరకు మూసుకుపోతుంది, మందు కదలడానికి చోటుండదు. ఇదీ ఆ తెలివి. రైఫిల్ తూటాల్లో ఇదే పనికి కొందరు బూరుగు దూది కూరేవారు. వేగాలు సమానమవుతాయి, నిజమే. ఆ దూది కొన్ని రైఫిళ్ల బారెల్లో గుండు కూర్చునేచోట ఉబ్బు వలయాన్ని మిగిల్చింది కూడా. అనుభవజ్ఞులు చాలామంది ఆ పద్ధతిని మానేశారు.

తక్కువ మందు కదా, ప్రమాదం తక్కువ కదా అనుకోవడం ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద అపోహ. దీన్ని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. మెల్లగా మండే మందును పెద్ద గొట్టంలో బాగా తగ్గించి పోసినప్పుడు, ఒక్కోసారి పూర్తి మందుతో కూడా రానంత పీడనం పుట్టి రైఫిళ్లు పగిలిన సందర్భాలు నమోదయ్యాయి. దానికి ఒక వివరణ ఇది: ప్రైమర్ మంట గుండును గాడుల్లోకి తోసి అక్కడ ఇరికిస్తుంది, మందు ఒక క్షణం తడబడి తర్వాత ఒక్కసారిగా అంటుకుంటుంది, అప్పటికి గుండు బారెల్లో బిరడాలా నిలిచి ఉంటుంది. కోరితే జరిగేది కాదు, మళ్లీ చేసి చూపించడం కష్టం. అందుకే అది మరింత ప్రమాదకరం. ఇంకో రకం ప్రమాదం మరీ మామూలుది: మందు చాలక గుండు బారెల్ మధ్యలో ఆగిపోతుంది, అది గమనించక ఇంకో తూటా పేలుస్తారు. మరొకటి, గొట్టంలో అంత చోటున్నప్పుడు పొరపాటున రెండుసార్లు మందు పోసినా పైకి కనిపించదు. మందు మరీ తగ్గితే వచ్చే ఈ ప్రమాదాల వల్లే మందు తయారీదారులు కనిష్ఠ పరిమితి కూడా అచ్చువేస్తారు. మన దేశంలో తూటాలు తయారు చేయాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండి తీరాలి. ఇది ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

వేగాల్లో పొంతన లేకపోతే గురికి ఎంత నష్టం? గుండు ప్రయాణంలో గురుత్వాకర్షణకు కిందికి జారుతూనే ఉంటుంది. 50 మీటర్ల దూరానికి .22 గుండుకు సుమారు 0.16 సెకన్లు పడతాయి, ఆలోగా అది 12 సెంటీమీటర్లకు పైగా పడిపోతుంది. సైట్లు దానికి తగ్గట్టే సరిచేసి ఉంటాయి కాబట్టి పడిపోవడం ఇబ్బంది కాదు. ఒక గుండు సెకనుకు 5 మీటర్లు నిదానిస్తే అది ఇంకో 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. పది వలయం సగం వెడల్పులో నాలుగింట మూడు వంతులు అప్పుడే చేజారినట్టు. 850 మీటర్ల వేగపు గుండుకు ఇదే 5 మీటర్ల తేడా దాదాపు లెక్కలోకి రాదు. నిదానపు గుండుకు గాలి దగ్గర కలిసొచ్చినది గురుత్వాకర్షణ దగ్గర తిరిగి కట్టాల్సి వస్తుంది.

కొన్ని బారెళ్లు ఈ అప్పును కొంత తామే తీరుస్తాయి. పేలుడుకు బారెల్ కొన సన్నగా పైకీ కిందికీ ఊగుతుంది. కొన పైకి లేస్తున్న దశలో గుండ్లు బయటపడితే, ముందుగా వచ్చే వేగపు గుండు కాస్త కిందికి గురిపెట్టిన బారెల్లోంచి, ఆలస్యంగా వచ్చే నిదానపు గుండు కాస్త పైకి లేచిన బారెల్లోంచి వెళ్తాయి. ఒక ప్రత్యేక దూరంలో రెండూ ఒకే చోట కలుస్తాయి. లీ ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్ దూరపు లక్ష్యాల దగ్గర మంచి పేరు తెచ్చుకోవడానికి ఇదొక కారణమని షూటర్లకు చాలాకాలంగా తెలుసు. మందు కొంచెం కొంచెం మార్చుతూ చేత్తో తూటాలు నింపేవాళ్లు వెతికే వేగం తరచు ఇదే. అది గరిష్ఠ వేగం దగ్గరే దొరకాలని లేదు, కనిష్ఠం దగ్గరే దొరకాలనీ లేదు.

ఆ వెతుకులాటలో చాలామందిని మోసం చేసేది సంభావ్యత. మందు తగ్గించాను, మూడు గుండ్లు ఒకే రంధ్రంలో పడ్డాయి అనే మాట విన్నప్పుడు నేను పదోది ఎక్కడ పడిందని అడుగుతాను. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఏ మార్పూ లేకుండా మూడేసి గుండ్లు కాల్చితే వాటి ఎడం సగటున 24 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అదే తూటాతో పదేసి కాల్చితే సగటున 38 మిల్లీమీటర్లు వస్తుంది. తూటా మారలేదు, లెక్కించిన గుండ్ల సంఖ్య మారింది. పైగా మూడేసి గుండ్ల ఫలితాలు ఒకదానికొకటి విపరీతంగా తేడాపడతాయి. పది రకాల మందు పాళ్లు మూడేసి గుండ్లతో పరీక్షిస్తే, అందులో ఏదో ఒకటి అదృష్టవశాత్తు అద్భుతంగా కనిపించి తీరుతుంది. రోలండ్ రికార్డును నేను గౌరవించడానికి ఒక కారణం, అది పది గుండ్ల లెక్క కావడం.

నిదానపు గుండు దారిలో చివరిదాకా వెళ్తే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కనిపిస్తుంది. అందులో మందే లేదు. సిలిండర్లో నొక్కిపెట్టిన గాలి అరగ్రాము బరువున్న సీసపు పెల్లెట్‌ను సెకనుకు 170 మీటర్లకు అటూ ఇటూగా పంపుతుంది. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. మందు లేదు కాబట్టి దాని తడబాటు లేదు, పీడనాన్ని రెగ్యులేటర్ ప్రతిసారీ ఒకే మట్టాన ఉంచుతుంది, ధ్వని గీత ఎంతో దూరం. తగ్గించిన తూటాలో కోరుకునే గుణాలన్నీ ఇక్కడ ఉన్నాయి. పదిమీటర్ల గదిలోనే అవి పనికొస్తాయి. అదే పెల్లెట్‌ను 50 మీటర్ల ఆరుబయట గాలిలోకి పంపితే, అది తేలిక కాబట్టి నిరోధానికి తొందరగా లొంగుతుంది.

50 మీటర్ల .22 షూటర్లు తూటాను చేత్తో నింపుకోలేరు కాబట్టి వాళ్లు చేసే వెతుకులాట మరో రూపం తీసుకుంది. ఒకే యంత్రం, ఒకే ముడిసరుకు, ఒకే తూకంతో తయారైనా ఒక్కో విడతకు తూటాల తీరు కొద్దిగా మారుతుంది. తూటాలు తయారు చేసే లపువా కంపెనీకి జర్మనీలోని షోనెబెక్‌లో పరీక్షా కేంద్రం ఉంది. షూటర్లు తమ రైఫిల్‌తో అలాంటి చోటికి వెళ్తారు. రైఫిల్‌ను బిగించి, వేర్వేరు విడతల తూటాలు వరుసగా కాల్చి, ఏది దగ్గరదగ్గరగా పడుతుందో సెన్సార్లతో కొలుస్తారు. నచ్చిన విడత దొరికితే ఏడాదికి సరిపడా అదే కొనుక్కుంటారు. ఒకరి బారెల్‌కు పదికి పది తెచ్చే విడత, పక్కవాళ్ల బారెల్‌కు మామూలుగానే పనిచేయవచ్చు. పెట్టెమీద రాసిన వేగం రెండింటికీ ఒకటే.